పై సగం

మూడు దాటి నాలుగు నిమిషాలయింది. నాలుగింటికల్లా మా ఆయన హోవర్డ్ వచ్చేస్తాడు, ఎప్పుడూ ఆలస్యం చెయ్యడు, ఈ ఒక్కరోజు బస్సు తప్పిపోయి అరగంట ఆలస్యంగా వచ్చినా నాకు మాటలు కూర్చుకునే తీరిక దొరికేది. నాలుగున్నరకి లాయరు ఆఫీసులో ఇద్దరం సంతకాలు పెట్టాలి. పెడితే ముప్పయ్యొక్క ఏళ్లుగా ఉంటున్న ఇల్లు ఇంకొకరిది అవుతుంది, బర్న్‌హామ్‌లో సముద్రం ఒడ్డున మెట్లు లేని ఒంటి అంతస్తు ఇల్లొకటి మాది అవుతుంది. నాకది వద్దు. ఇంత చిన్న మాట. గిన్నెలు కడుగుతూ కుళాయికి చెప్పాను, బట్టలు ఆరేస్తూ తీగకి చెప్పాను, మెట్లెక్కుతూ ఒక్కో మెట్టుకీ ఒక్కోసారి చెప్పాను, మనిషికి మాత్రం చెప్పలేకపోయాను. అందుకే గంట ముందు వచ్చి ఈ టీ దుకాణంలో కూర్చున్నాను. ఇంకో పని కూడా ఉంది, పైకి చెబితే నవ్విపోతారు. అతను రాకముందే ఒక్కసారి, నా అంతట నేను అడిగి, ఇక్కడి బన్ను పై సగం తినాలి.

ముప్పయ్యెనిమిదేళ్లుగా ఏడాదికి రెండు మూడుసార్లు వస్తున్న చోట పై సగం రుచి తెలియదంటే ఎవరు నమ్ముతారు. ఇక్కడి బన్ను భోజనం పళ్లెమంత ఉంటుంది, ఇద్దరికి ఒకటి. అడ్డంగా రెండుగా కోసి, కాల్చి, దాల్చినచెక్క కలిపిన వెన్న రాసి, చెరో సగం చెరో పళ్లెంలో పెడతారు. పై సగం ఉబ్బి, నిగనిగలాడుతూ, టోపీలా ఉంటుంది. కింది సగం చదునుగా, ఎవరో ఎక్కి కూర్చున్నట్టు ఉంటుంది. ఆర్డరు తీసుకునేటప్పుడే అడుగుతారు, పైది ఎవరికి, కిందిది ఎవరికి అని. ఎనభయ్యారు అక్టోబరులో మొదటిసారి అడిగినప్పుడు నాకు ఇరవై ఏళ్లు, బ్రిస్టల్‌లో వృక్షశాస్త్రం చదువుతున్నాను, ఇక్కడికి రైల్లో వచ్చాను, బూట్లు తడిసిపోయాయి. హోవర్డ్ అప్పటికే సర్వేయరు ఆఫీసులో చేరాడు, అన్నగారి టై కట్టుకొచ్చాడు. హోవర్డ్ నా వైపు తిరిగి, "నీకు కిందిది ఇష్టమేనా?" అన్నాడు. అప్పటికి నేను రెండూ తినలేదు. పైది కావాలంటే, మొదటిరోజే, ఎదుటి మనిషి చేతిలోంచి మంచిది లాక్కున్నట్టు ఉంటుంది. మా అమ్మ పెంపకంలో అలాంటివి జరగవు. మా ఇంట్లో ఆదివారం భోజనాల్లో ఆఖరి బంగాళాదుంప గిన్నెలో అలాగే ఉండిపోయేది, నువ్వు తీసుకో అంటే నువ్వు తీసుకో అంటూ బల్లచుట్టూ తిరిగి తిరిగి చల్లారిపోయేది, చివరికి కుక్క తినేది. "ఓ, నాకు కిందిదే ఇష్టం," అన్నాను. అంతే. ఆ పూటకి సరిపోయే అబద్ధం, ఆ పూటతో చచ్చిపోవాల్సింది, బతికి బట్టకట్టింది. పెళ్లిలో హోవర్డ్ లేచి నిలబడి నాలుగు మాటలు మాట్లాడినప్పుడు అందులో ఒకటి ఇదే, మొదటిరోజే కిందిది అడిగిన అమ్మాయి అని, అందరూ చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత దాన్ని ఎలా వెనక్కి తీసుకుంటాను. మా అమ్మాయి టామ్సిన్ ఏడేళ్లప్పుడు బడిలో రాసిన నాలుగు వాక్యాల్లో ఒకటి, మా అమ్మకి బన్ను కింది భాగం ఇష్టం. గుండ్రటి అక్షరాలతో రాసింది, గోడకి అంటించారు.

"ఒక్కదానివే వచ్చావేం తల్లీ? మీ ఆయన్ని ఎక్కడ పారేశావు?" మేవిస్. ఇక్కడ పాతికేళ్లుగా వడ్డిస్తోంది, చెప్పులు ఈడ్చుకుంటూ నడుస్తుంది, ట్రేలోంచి మాత్రం ఒక్క చుక్క ఒలకదు.

"నాలుగింటికి వస్తాడు, మేవిస్."

"ఆయన వచ్చేదాకా ఆకలితో కూర్చుంటావా ఏంటి. నీ కిందిది తెచ్చేస్తాను. ఆయనది లోపల ఉంచుతాలే."

"అవును, థాంక్యూ," అన్నాను.

అన్నాను. నోరు దానంతటదే అనేసింది, మనసు అక్కడికి చేరేలోపే. ఇంటి దగ్గరనుంచి బస్సులో ఇరవై నిమిషాలు తయారుచేసుకున్న మాట, ఈరోజు పైది తెస్తారా అన్న మూడు ముక్కలు, అలాగే నోట్లో ఉండిపోయాయి. మేవిస్ అప్పటికే గుమ్మం దాటింది. వెనక్కి పిలవచ్చు. ఇరుకు గది, తల వంచుకుని నడిచే కప్పు, ఎనిమిది బల్లలు, అందరూ వింటారు. పైగా గుమ్మం బయట చినుకుల్లో వరస నిలబడి ఉంది, నేను ఒక్కదాన్నే ఇద్దరి బల్ల ఆక్రమించుకుని కూర్చున్నానని ఇందాకటినుంచి కిటికీ అద్దంలోంచి ఒకావిడ చూస్తోంది. చెయ్యెత్తబోయి జుట్టు సర్దుకున్నాను. బల్ల మీద చెంచా సాసరుకి ఎడంవైపు పెట్టారు, కుడివైపుకి మార్చాను. పాలగిన్నె చెవి నావైపు తిప్పాను. ఇవి చెయ్యగలను. ఇలాంటివి ఎన్నయినా చెయ్యగలను.

పక్క బల్ల దగ్గర ఇద్దరు ఆడవాళ్లు, నా వయసువాళ్లే, తడిసిన కోట్లు కుర్చీలకి తగిలించారు. ఒకావిడ పళ్లెంలోకి వంగి వెతుకుతోంది. "ఇందులో పంచదార పలుకులు ఉంటాయన్నావుగా?" "అది వేరే బన్ను, ఆ చిన్నది. ఎన్నిసార్లు చెప్పాలే నీకు." "మరి అది తినడానికే కదా నన్ను బస్సెక్కించావు." "ఇది తిను ముందు, మాట్లాడకుండా." "ఇది రొట్టెలా ఉంది." "రొట్టెలా ఉంటే రొట్టె అనుకుని తిను." ఇద్దరూ నవ్వుకున్నారు. ఎంత హాయిగా పోట్లాడుకుంటున్నారు. నేనూ హోవర్డూ ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ఇలా పోట్లాడుకోలేదు, అందరూ అదే మెచ్చుకుంటారు. మా ఇంట్లో కోపం వస్తే కిటికీ తీస్తాం. ఇంకా ఎక్కువ వస్తే తోటలోకి వెళ్తాం. తోట. కొండవాలు మీద నాలుగు అంచెలు, ఇంటి గుమ్మం నుంచి అట్టడుగుదాకా నలభయ్యొక్క మెట్లు, ఒక్కో అంచెలో మట్టి ఒక్కోరకం. పైన సున్నం ఎక్కువ, కింద బంకమట్టి. ఏ మొక్క ఎక్కడ ఒప్పుకుంటుందో తెలుసుకోవడానికి నాకు పదేళ్లు పట్టింది. డిగ్రీలో చదివినదంతా ఆ మెట్ల మీదే ఖర్చు చేశాను, ఉద్యోగం అంటూ ఎక్కడా చెయ్యలేదు, ఎవరైనా మీరేం చేస్తారండీ అని అడిగితే ఇంట్లోనే ఉంటానండీ అనేదాన్ని, కానీ మనసులో, నాకో కొండ ఉంది అనుకునేదాన్ని. నా మోకాళ్ల కోసమే ఇల్లు మారుతున్నామంటాడు హోవర్డ్, మోకాళ్ల నొప్పి నిజమే. దిగేటప్పుడు రెయిలింగు పట్టుకుంటాను, అదీ నిజమే. దిగలేనని నేను ఎవరికీ చెప్పలేదు.

చెప్పలేదు సరే, మార్చిలో ఆ ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు ఏం చేశాను. ఇంటావిడ గుమ్మంలోనే నిలబడి ఉంది. కొత్తగా తోమిన కుళాయిలు, బల్ల మీద పళ్లెంలో బిస్కెట్లు పూవులా పేర్చింది, సోఫా మీద దిండ్లు ఒక్కోదాన్నీ మధ్యలో నొక్కి నిలబెట్టింది. ఆవిడ మా మొహాల్లోకి చూస్తోంది, నచ్చుతుందా నచ్చదా అని, పరీక్ష ఫలితం కోసం చూస్తున్నట్టు. "చాలా బాగుంది," అన్నాను. "ఎంత వెలుతురో." వెలుతురు ఉండక ఏం చేస్తుంది, చుట్టూ చెట్టన్నది లేదు, గాలి ఒక్కటే ఉంది, కిటికీలోంచి చూస్తే బూడిదరంగు బురద, ఆ బురద చివర ఎక్కడో గీతలాగ సముద్రం. తిరిగొస్తుంటే కారులో హోవర్డ్, "నీకు నచ్చింది, అదే చాలు నాకు," అన్నాడు. అది కాదు హోవర్డ్ అనబోయాను, ఇంతలో ఆ పెద్ద సర్కిల్ వచ్చింది, అటూఇటూ లారీలు, వాన, అతను రెండుచేతులా స్టీరింగు బిగించి పట్టుకున్నాడు, ఇది దాటాక చెబుదాంలే అనుకున్నాను. దాటాక ఎడంపక్కన ఆపి వాళ్లక్కకి ఫోన్ చేశాడు. "ప్రూ, హిలరీకి ఎంతో నచ్చింది," అన్నాడు. ప్రూ అవతలనుంచి సంతోషంతో ఏదో అంది. ఇంకేం చెబుతాను. అప్పట్నుంచి ఎన్నిసార్లు మొదలుపెట్టానని. "ఒకవేళ నువ్వేమీ అనుకోనంటే, ఇంకాస్త ఆలోచిస్తే బాగుంటుందేమోనని ఒకోసారి అనిపిస్తుంది," అన్నాను ఒకరోజు. నా మట్టుకు అది చాలా పెద్దమాట. అతను తల ఊపాడు. "నిజమే, కిచెన్ రంగు గురించి ఆలోచించాలి," అన్నాడు. తప్పు అతనిది కాదు. అన్ని దూదిపింజల్లో చుట్టి ఇస్తే లోపల రాయి ఉందని ఎవరికి తెలుస్తుంది. తప్పు అతనిది కాదు అని కూడా నేనే చెప్పుకోవాలి, అదింకా ఒళ్లుమంట. టామ్సిన్‌కి ఫోన్‌లో చూచాయగా చెప్పబోతే, "అమ్మా, నువ్వే నచ్చిందన్నావట కదా, నాన్న పాపం ఎంత తిరుగుతున్నాడో," అంది.

పళ్లెం వచ్చింది. కింది సగం, వెన్న కరిగి అంచులదాకా పాకింది. "వేడివేడిగా ఉంది, తిను," అంది మేవిస్, టీ కూజా పక్కన పెడుతూ.

"చాలా బాగుంది, థాంక్యూ," అన్నాను. ఇంకా చాకు కూడా ముట్టుకోలేదు.

ముట్టుకోను. ఇరవై నిమిషాలు గడిచాయి, చాకూ ఫోర్కూ ఎక్కడివక్కడే ఉన్నాయి. టీ ఒక కప్పు తాగాను, వడపోత జాలీ సరిగ్గా కడగలేదు, పాత ఆకు ఒకటి అంచుకి అంటుకుని ఉంది, చూస్తూ కూర్చున్నాను. ఈ రొట్టెముక్క మీద నాకెందుకింత కోపం. ఇది ఏం చేసింది నన్ను. రుచి బాగానే ఉంటుంది, అదే కదా అసలు చిక్కు, ఎప్పుడైనా బాగాలేకపోతే ఆ వంకతోనైనా మార్చమని అడిగేదాన్ని. వేడి తగ్గిపోతోంది. వెన్న మళ్లీ గడ్డకడుతోంది, అంచున తెల్లగా ఒక గీత లేచింది. మూడూ నలభై. కిటికీ బయట వరసలో ఆవిడ ఇప్పుడు గడియారం చూసుకుంటోంది. ఇదీ చెప్పలేకపోతే అదీ చెప్పలేను. ఎవరూ బాధపడనిచోట, ఎవరి ఇల్లూ పోనిచోట, నా బన్ను నేను అడగలేకపోతే, నాలుగున్నరకి కాగితాల మీద పెన్ను పెట్టి, చాలా బాగుంది, ఎంత వెలుతురో అంటాను. ఆ లాయరు కూడా బిస్కెట్లు పెడతాడు, నాకు తెలుసు.

"మేవిస్."

గొంతు కొంచెం గట్టిగానే వచ్చినట్టుంది. పక్కబల్ల ఆడవాళ్లు మాటలు ఆపారు.

మేవిస్ వచ్చి పళ్లెం చూసింది. "అయ్యో, ముట్టనేలేదే. బాగాలేదా?"

"బాగానే... అది కాదు. నాకు పైది కావాలి."

"ఆయనకా? ఆయన రానీ, వేడిచేసి తెస్తాగా."

"నాకు."

మేవిస్ చేతిలో గుడ్డ మడతపెట్టింది, మళ్లీ విప్పింది. "నీకు పైది పడదుగా తల్లీ."

"పడదని ఎవరన్నారు?"

"ఆయనే. ఎప్పుడూ ఆయనేగా చెప్పేది." గొంతు తగ్గించింది. "మీ బన్ను కోసేశాం. నువ్వడిగేది ఆయన కోసం ఉంచింది. ఇంకోటి కోయాలంటే సగం మిగిలిపోతుంది, ఈ వేళకి లోపల ఒకటే ఉంది."

"అదే తీసుకురా. ఆయనది."

"ఆయనొచ్చి అడిగితే?"

"నేను తినేశానని చెప్పు."

మేవిస్ ఒక్కక్షణం నన్ను చూసింది, పెదవి చివర నవ్వో ఏదో కదిలింది. "నేనెందుకు చెబుతాను, నువ్వే చెప్పుకో," అని చెప్పులు ఈడ్చుకుంటూ వెళ్లిపోయింది. పక్కబల్ల ఆవిడ, రొట్టెలా ఉందన్నావిడ, రెండో ఆవిడ చెవిలో ఏదో అంది. మొహం వేడెక్కింది నాకు. మొగుడి నోటికాడ కూడు లాక్కుంటున్న ఆడదానిలాగ కనపడుతున్నానేమో. కనపడనీ.

వచ్చింది. ఎదురుగా, దగ్గరగా, ఇంత ఎత్తున, గోధుమరంగు పైపొర మెరుస్తోంది. ఇన్నేళ్లూ బల్లకి అవతలివైపు, అతని చాకు కింద చూసిందే. పైపొర కోస్తుంటే చిన్నగా చప్పుడు చేసింది, లోపల తెల్లగా, మెత్తగా, పొగ. పెద్ద ముక్క కోసి నోట్లో పెట్టుకున్నాను. నమిలాను. ఇంకో ముక్క పెట్టుకున్నాను, మొదటిసారి సరిగా చూడలేదేమోనని. గాలి. నోట్లోకి వెళ్లేసరికి ఏమీ లేదు, ఉబ్బు అంతా నలిగి దూదైపోయింది, వెన్న ఎక్కడా నిలవలేదు, పైపొర పొడిపొడిగా అంగిలికి అంటుకుంది. కింది సగంలో బరువుంటుంది, వెన్న పీల్చుకుంటుంది, అడుగున కాలిన రుచి ఉంటుంది. కిందిదే బాగుంటుంది. ఛీ. ముప్పయ్యెనిమిదేళ్లు దీని కోసం కుళ్లిపోయాను. ఎన్ని పుట్టినరోజులు, ఎన్ని పెళ్లిరోజులు, అతను పైపొర విరుస్తుంటే ఆ చప్పుడు వింటూ లోపల్లోపల లెక్కకట్టుకుని, నాకు దక్కలేదు, నాకు దక్కలేదు అని. దక్కింది, చూడు. అయితే ఆ ఇల్లు కూడా ఇంతేనా, నేను వద్దనుకున్నదే నాకు మంచిదా, బర్న్‌హామ్ వెళ్లాక, ఎంత హాయిగా ఉంది, ఇన్నాళ్లూ ఆ కొండమీద ఎందుకు కష్టపడ్డాం అంటానా. ఈ ఆలోచన ఎంత సులువుగా వచ్చి కూర్చుందో, కాళ్లు చాపుకుని. లేదు. ఇది బన్ను, అది మట్టి. బన్ను నాకు తెలియక కోరుకున్నాను, ఆ నాలుగు అంచెలూ తెలిసి కోరుకుంటున్నాను. అయినా బాగుందా లేదా అన్నది కాదు. కింది సగం మంచిదే కావచ్చు, నాకు దొరకడం నా అదృష్టమే కావచ్చు, కానీ నేను ఎంచుకోలేదు. ఎంచుకునే చోట మర్యాద చేశాను. మిగిలిన ముక్క కూడా తిన్నాను, నచ్చకపోయినా, ఒక్క తునక వదలకుండా, కసిగా.

గుమ్మం గంట మోగింది. హోవర్డ్ తల వంచి లోపలికి వచ్చాడు, టోపీ తీసి దులిపాడు, చంకలో నీలం ఫైలు. సరిగ్గా నాలుగు. వరసలో వాళ్లకి క్షమించండి క్షమించండి అని చెబుతూ వచ్చి కూర్చున్నాడు. ఖాళీ పళ్లెం చూశాడు, చల్లారిన కింది సగం చూశాడు, నన్ను చూశాడు.

"హిలరీ, అది నాదా?"

"నీదే. తినేశాను."

"ఓ." కోపం కాదు, అర్థంకాక. కళ్లద్దాల మీద వాన తుడుచుకున్నాడు. "ఎలా ఉంది?"

మేవిస్ కప్పు తెచ్చి అక్కడే ఆగింది. నాలుక చివర ఆ రెండు మాటలు సిద్ధంగా నిలబడ్డాయి, చాలా బాగుంది, ఎప్పట్లాగే, పిలవకుండానే.

"నాకు నచ్చలేదు," అన్నాను.

మేవిస్ కప్పు పెట్టి వెళ్లిపోయింది. పైకప్పు కూలలేదు. హోవర్డ్ నెమ్మదిగా తల ఊపుతున్నాడు, ఆ ఊపు ఆగకముందే, నాకు మళ్లీ మర్యాద కమ్ముకోకముందే అనేశాను. "బర్న్‌హామ్ ఇల్లు కూడా నచ్చలేదు. మొదట్నుంచీ నచ్చలేదు. నేను సంతకం పెట్టను."

"నచ్చిందన్నావు కదా."

"అన్నాను."

"మరి?"

"ఆవిడ అక్కడే నిలబడి ఉంది, హోవర్డ్. బిస్కెట్లు పెట్టింది."

బిస్కెట్ల సంగతి అతనికి అర్థమైంది. కాకేం చేస్తుంది, అతనిదీ నాలాంటి మర్యాద పెంపకమే. ఫైలు బల్ల మీద పెట్టి రెండుచేతులతో దాని అంచులు సరిచేశాడు. "కారులో చెప్పొచ్చుగా."

"సర్కిల్ వచ్చింది."

"తర్వాత ఆరు వారాలున్నాయి."

"ఉన్నాయి."

హోవర్డ్ ఫైలు దగ్గరకి లాక్కున్నాడు. "అందరికీ మాట ఇచ్చాం. ఆ లాయరు మనకోసం శుక్రవారం సాయంత్రం ఆఫీసు తెరిచి ఉంచాడు. ఏమని చెబుతాం? ఆలస్యమవుతుందని చెప్పి, వారం తర్వాత మెల్లగా..."

"నేను చెబుతాను," అన్నాను. ఫోన్ తీశాను. అవతల అమ్మాయి ఎంత ముద్దుగా పలకరించిందో, వానలో ఇబ్బందిపడుతున్నారా, ఏం ఫర్వాలేదు, కాస్త ఆలస్యమైనా సార్ ఉంటారు అంది. "ఆలస్యం కాదమ్మా," అన్నాను. "మేం రావడం లేదు. ఇల్లు అమ్మడం లేదు." క్షమించండి అని రెండుసార్లు అన్నాను, అది ఆపలేకపోయాను, కానీ ఒకవేళ, బహుశా, ఏమో అన్నవి ఒక్కటీ పడలేదు. పెట్టేశాక టీ పోసుకోబోతే సాసరులోకి ఒలికింది.

హోవర్డ్ ఒలికిన టీ వైపు చూస్తున్నాడు. ఊరట ఏమన్నా వస్తుందేమోనని చూశాను, అతని మొహంలో. రాలేదు. ఉన్నట్టుండి ముసలాడైపోయాడు, తడిసిన కాలరుతో, ఫైలు మీద అరచెయ్యి పెట్టుకుని.

"నీ మోకాళ్ల కోసం కాదు," అన్నాడు చివరికి, బల్లతో మాట్లాడుతున్నట్టు. "అందరికీ అలా చెప్పాను. నాకే వెళ్లాలని ఉంది. ఆ సముద్రం దగ్గరకి."

"సముద్రమా అది? మైలు పొడవున బురద."

"బురదే. పొద్దున్నే దాని మీద వెలుతురు పడితే... నాకు ఆ బురదే ఇష్టం, హిలరీ. చిన్నప్పట్నుంచీ."

చిన్నప్పట్నుంచీ. ముప్పయ్యెనిమిదేళ్లలో ఒక్కసారి నాతో అనలేదు, బురద అని గానీ, ఇష్టమని గానీ. నా మోకాళ్ల వెనక దాచి పెట్టుకున్నాడు, ఇంత మనిషి. ఎక్కడలేని కోపం ముంచుకొచ్చింది.

"ముందే చెప్పొచ్చు కదా," అన్నాను. నేనే అన్నాను.